చెరువులో గేదె, గట్టు మీద బేరం

గేదె చెరువులో ఉండగా గట్టు మీద బేరమాడినట్లు అని మనకొక సామెత ఉంది. నీళ్ళ పైకి కనిపించేది రెండు కొమ్ములూ, కాస్త వీపూ. పొదుగు ఎట్లా ఉందో, కాలు కుంటుతుందో లేదో అది గట్టెక్కితేగాని తెలియదు. అట్లా బేరమాడేవాణ్ణి మన పల్లె తెలివితక్కువవాడి కింద జమకట్టింది. అంతర్జాలంలో మనం ఇప్పుడు చేసే కొనుగోళ్ళన్నీ సరిగ్గా ఆ గట్టు మీది బేరాలే. బొమ్మ చూస్తాం, నాలుగు మాటల వర్ణన చదువుతాం, డబ్బు కడతాం. గేదె తరువాత వస్తుంది.

సంక్రాంతికి ముందు మా పెద్దమ్మ కోసం ఒక ఫోను అట్లాగే కొన్నాను. ఎందరో అమ్మకందారులు కొలువుతీరి ఉండే అంతర్జాల అంగడిలో, వారిలో ఒకరి దగ్గర, కొత్తదని రాసి ఉంటే నమ్మి తీసుకున్నాను. పెట్టె నేరుగా ఊరికి చేరింది. నేను వచ్చి సిమ్ము వేస్తాను గదా అని పెద్దమ్మ దాన్ని విప్పకుండా బీరువాలో భద్రంగా పెట్టింది. నేను వెళ్ళింది తొమ్మిదో రోజున. విప్పి చూస్తే, ఛార్జింగు పెట్టిన అరగంటకే పెనంలా కాగుతోంది. అవతలివాళ్ళ మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్ళకు చేరదు. వాపసు ఇవ్వబోతే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: వాపసు గడువు ఏడు రోజులు, అది ముగిసింది.

ఆ సంగతి చెప్పగానే పెద్దమ్మ అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం.

"విప్పని పెట్టెకు రోజులెట్లా లెక్కపెడతార్రా? మేము గేదెను కొనేటప్పుడు మూడు రోజులు రెండు పూటలా పాలు పిండి చూసుకుని, ఆ పైన గదా డబ్బిచ్చేవాళ్ళం!"

కొన్న వస్తువును తిరిగి ఇచ్చే హక్కుకు గడువు ఎంత? ఆ గడువును నిర్ణయించవలసింది ఎవరు? అమ్మేవాడా, కొనేవాడా, లేక ఆ వస్తువు స్వభావమా? ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. మన పూర్వులు దీని మీద చాలానే ఆలోచించారు.

* * *

ధర్మశాస్త్రాలు వ్యాజ్యాలను పద్దెనిమిది వ్యవహారపదాలుగా విభజించాయి. వాటిలో ఒకటి క్రయవిక్రయానుశయం. అనుశయం అంటే పశ్చాత్తాపం. కొన్నవాడో అమ్మినవాడో "అయ్యో, ఎందుకు చేశానీ పని" అనుకోవడం. మనుస్మృతి ఇద్దరికీ పది రోజుల వ్యవధి ఇచ్చింది. ఆ లోపల పశ్చాత్తాపం కలిగితే సరుకు తిరిగి ఇవ్వవచ్చు, తిరిగి పుచ్చుకోవచ్చు. పది రోజులు దాటాక బలవంతంగా ఇచ్చినా, పుచ్చుకున్నా రాజు ఆరువందల పణాల జరిమానా వేయాలన్నది. ఇక్కడ అన్ని వస్తువులకూ ఒకటే గడువు.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడి చూపు వేరు. అతడు మనుషుల వృత్తిని బట్టి గడువును మార్చాడు. వర్తకులకు ఒక రాత్రి, సేద్యగాళ్ళకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు. పొద్దస్తమానం బేరాల్లోనే బతికే వర్తకుడికి ఒక్క రాత్రి చాలు, పొలంలో ఉండేవాడికి చాలదు. అంతకంటె ముఖ్యమైనది పశువుల విషయంలో అతడు చెప్పిన మాట. రోగమున్న పశువును ఆరోగ్యవంతమైనదని అమ్మితే, మూడు పక్షాల వరకు, అంటే సుమారు నలభై అయిదు రోజుల వరకు, తిరిగి ఇచ్చే వీలుంది. ఎందుకు అంత కాలం? ఆపాటి కాలంలో దాని మంచిచెడ్డలు తెలిసిపోతాయి గనుక అని కౌటిల్యుడే కారణం కూడా చెబుతాడు. గడువుకు ఒక హేతువు చెప్పవలసిన బాధ్యత ఉన్నదని గుర్తించాడన్నమాట.

ఆ హేతువును ఒక పట్టికగా మార్చినవాడు యాజ్ఞవల్క్యుడు. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువులు మోసే పశువులకు ఐదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, పాడి పశువులకు మూడు రోజులు. ఇవి పరీక్షాకాలాలు. ఇనుము బాగోగులు ఒక్క రోజులో తెలుస్తాయి. ఎద్దును నాలుగు రోజులు బండికి కట్టి చూడాలి. విత్తనం మొలకెత్తడానికి పది రోజులైనా పడుతుంది. రత్నాన్ని పదిమంది నిపుణులకు చూపించుకోవాలి. గేదెను మూడు రోజులు పిండితే దాని పాడి తెలుస్తుంది. పెద్దమ్మ ఏ స్మృతీ చదవలేదు. కాని ఆమె చెప్పిన మూడు రోజుల లెక్కా, యాజ్ఞవల్క్యుడి మూడు రోజుల లెక్కా ఒకటే కావడం చూసి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆ పట్టికలోనే దాసీజనానికి నెల, దాసులకు పదిహేను రోజులు అని కూడా ఉంది. మనుషులను సరుకుల వరుసలో చేర్చిన లోకమది. దాన్ని దాచిపెట్టి మిగిలినదాన్ని మాత్రమే మెచ్చుకోవడం చరిత్ర అనిపించుకోదు. వస్తువును పరీక్షించే పద్ధతిలో అంత వివేకం చూపినవాళ్ళకు, ఏది వస్తువో ఏది కాదో అన్న వివేకం లేకపోయింది.

నారదస్మృతి ఇంకొంచెం ముందుకు వెళ్ళి లెక్కలు కట్టింది. కొన్నది నచ్చకపోతే, చెక్కు చెదరకుండా అదే రోజు తిరిగి ఇస్తే పూర్తి వెల వాపసు. రెండో రోజు ఇస్తే వెలలో ముప్ఫయ్యో వంతు కోత. మూడో రోజు దానికి రెట్టింపు. ఆ పైన వస్తువు కొన్నవాడిదే. నేటి అంగళ్ళు వాపసు సమయంలో పట్టుకునే రుసుములకు ఇది తాతముత్తాత. అదే నారదుడు కొనేవాడికీ బుద్ధి చెప్పాడు. ముందుగా తానే గుణదోషాలు పరీక్షించుకోవాలి, చూసి ఒప్పుకుని కొన్నాక తిరిగి ఇవ్వరాదు. వాడిన, మాసిన బట్టను తెలిసి కొంటే దాని దోషం అమ్మినవాడి మీదికి పోదు. కాని అమ్మేవాడు మంచి వస్తువు చూపించి చెడ్డ వస్తువు ఇస్తే మాత్రం సంగతి వేరు. కొన్నవాడికి రెట్టింపు వెల, రాజుకు అంతే దండుగ చెల్లించాలి.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. మనసు మారి తిరిగి ఇవ్వడం ఒకటి. మోసపోయి తిరిగి ఇవ్వడం మరొకటి. మొదటిదానికి రోజుల లెక్క ఉంది. రెండోదాన్ని నారదుడు ఆ లెక్కలోకే తీసుకురాలేదు, దండనలోకి తీసుకువెళ్ళాడు. నాకు జవాబిచ్చిన అంగడి ఈ రెంటినీ ఒకే గాటన కట్టింది.

ఈ న్యాయవిచారం సంస్కృతంలోనే ఉండిపోలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో కల్యాణిలో మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన శిష్యకోటిలోని కేతన దాన్ని ఆధారం చేసుకుని తెలుగు పద్యాలలో విజ్ఞానేశ్వరీయం కూర్చాడు. దశకుమారచరిత్రతో అభినవదండి అనిపించుకున్న కవి, ఆంధ్రభాషాభూషణంతో వ్యాకరణం చెప్పిన కవి, వ్యవహార ధర్మాన్ని కూడా తెలుగులో చెప్పవలసిన అవసరం ఉన్నదనుకున్నాడు. తగవు తీర్చవలసినవాడికి ఆ తగవుల ధర్మం తన భాషలో తెలియాలి గదా.

* * *

మనదగ్గర ఇట్లా ఉంటే ఇతర దేశాల్లో ఎట్లా ఉండేదో క్లుప్తంగా చూద్దాం. రోములో బజార్ల మీద పెత్తనం ఈడైల్స్ అనే అధికారులది. బానిసలనూ పశువులనూ అమ్మేవాడు వాటి రోగాలనూ దోషాలనూ ముందే వెల్లడించాలని వారు శాసించారు. దాచి అమ్మితే ఆరు నెలల లోపల సరుకు తిరిగి ఇచ్చి డబ్బు పుచ్చుకోవచ్చు. సరుకు ఉంచుకుని వెల తగ్గించమని అడగాలంటే ఏడాది వరకు వీలుంది. దోషం గురించి తనకు తెలియదని అమ్మినవాడు తప్పించుకోలేడు.

ఇంగ్లండు న్యాయం చాలాకాలం దీనికి ఎదురుదారిలో నడిచింది. కొనేవాడే జాగ్రత్తపడాలి అన్నది అక్కడి సూత్రం. 1603 నాటి ఛాండ్లర్, లోపస్ వ్యాజ్యం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మేకలవంటి జంతువుల కడుపులో ఏర్పడే బెజోర్ అనే రాయి విషానికి విరుగుడని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. ఒక కంసాలి ఒక రాయిని బెజోర్ అని చెప్పి నూరు పౌన్లకు అమ్మాడు. అది బెజోర్ కాదు. కొన్నవాడు కోర్టుకెక్కాడు. అమ్మినవాడు "ఇది బెజోర్" అని అన్నాడే తప్ప "నేను హామీ ఇస్తున్నాను" అనలేదు గనుక, అబద్ధమని తెలిసే చెప్పాడని రుజువు కాలేదు గనుక, దావా నిలవదని న్యాయమూర్తులు తేల్చారు.

ఆ కాఠిన్యం మెత్తబడడానికి దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది. యంత్రాలొచ్చి, సరుకులు పెట్టెల్లో దూరదేశాలకు పోవడం మొదలయ్యాక, కళ్ళారా చూసి కొనమనడంలో అర్థం లేకపోయింది. 1893లో బ్రిటన్ సరుకుల విక్రయ చట్టం చేసింది. దాని ఒరవడిలో మన దేశానికి 1930లో చట్టం వచ్చింది. అంతవరకు ఈ విషయాలన్నీ 1872 నాటి ఒప్పందాల చట్టంలో ఒక భాగంగా ఉండేవి.

ఆ 1930 చట్టం నేటికీ అమలులో ఉంది. వర్ణన చూసి కొన్నప్పుడు సరుకు ఆ వర్ణనకు తగినట్లు ఉండాలంటుంది సెక్షన్ 15. కొనేవాడే జాగ్రత్తపడాలన్న పాత సూత్రాన్ని ఒప్పుకుంటూనే దానికి మినహాయింపులు చెబుతుంది సెక్షన్ 16. నన్ను ఆకట్టుకున్నది సెక్షన్ 41. ముందుగా చూడని సరుకు ఇంటికి వచ్చినప్పుడు, దాన్ని పరీక్షించుకోవడానికి సముచితమైన అవకాశం దొరికేదాకా కొన్నవాడు దాన్ని అంగీకరించినట్లు కాదు. ఎన్ని రోజులన్నది చట్టం చెప్పలేదు. సముచితం అని మాత్రమే అన్నది. యాజ్ఞవల్క్యుడి పట్టికలోని అంకెలను చెరిపేసి, దాని వెనక ఉన్న ఆలోచనను మాత్రం మిగుల్చుకున్నట్లుంది.

కాని అదే చట్టంలోని సెక్షన్ 62 ఒక తలుపు తెరిచి ఉంచింది. ఇద్దరూ స్పష్టంగా ఒప్పుకుంటే చట్టం ఊహించే ఈ హామీలను పక్కన పెట్టుకోవచ్చు. మన చిన్నప్పుడు కొట్లలో వేలాడిన "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న అట్టముక్క ఆ తలుపులోంచి దూరడానికి చేసిన ప్రయత్నమే. నేడు డబ్బు కట్టబోయే ముందు మనం చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని గీసే టిక్కు ఆ అట్టముక్కకు వారసురాలు.

* * *

ఇక అంగడి సంగతి. మన సంతలో పాట పాడుకున్న గుత్తేదారు ఆశీలు వసూలు చేసుకుంటాడు. గేదె కుంటిదైతే అతణ్ణి ఎవరూ అడగరు. అడగవలసింది అమ్మినవాణ్ణి. వాడి ఊరు తెలుసు, పేరు తెలుసు, బేరం కుదిర్చిన దళారి తెలుసు. వచ్చే వారం మళ్ళీ అదే సంతకు వాడు రావాలి. ఆ రాకే హామీ.

అంతర్జాల అంగడి పుట్టింది 1995లో. పియేర్ ఒమిడ్యార్ అమెరికాలో ప్రారంభించిన ఆ వేలం అంగడే తరువాత ఈబే అయింది. అక్కడ అమ్ముడుపోయిన తొలి వస్తువుగా వారు చెప్పుకునేది ఒక చెడిపోయిన లేజరు పాయింటరు. వెల 14 డాలర్ల 83 సెంట్లు. అది పనిచేయదని తెలుసునా అని అడిగితే, తాను చెడిపోయినవాటినే సేకరిస్తానని కొన్నవాడు చెప్పాడట. అంతర్జాల అంగడిలో తొలి బేరం పాడైన వస్తువుతోనే మొదలైందన్నమాట! కాని అది నారదుడు చెప్పిన మాసిన బట్ట వంటి బేరం. దోషం చెప్పి అమ్మాడు, తెలిసి కొన్నాడు. అందులో తగవు లేదు.

ముక్కూ మొహమూ తెలియనివాళ్ళ మధ్య నమ్మకం కోసం 1996లో ఆ అంగడి, కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే పద్ధతి పెట్టింది. వచ్చే వారం సంతకు రావాలన్న భయానికి అది ప్రత్యామ్నాయం. మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ ఇదే తరహాలో మొదలై 2004లో ఈబే చేతికి వెళ్ళింది. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలతో ఆరంభించి 2013లో ఇతర అమ్మకందారులకు చోటిచ్చే అంగడిగా మారింది. అమెజాన్ భారతీయ అంగడి తెరిచింది కూడా 2013లోనే.

అందరూ స్వయంగా అమ్మడం మాని అంగడి నిర్వాహకులు కావడానికి ప్రభుత్వ విధానం ఒక ముఖ్య కారణం. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థ తన సొంత సరుకును అంతర్జాలంలో నేరుగా చిల్లరగా అమ్మకూడదు. 2016 మార్చిలో కేంద్రం ఇచ్చిన ప్రకటన అంగడి పద్ధతికి నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడిని అనుమతిస్తూ, సరుకుల హామీ బాధ్యత అమ్మకందారుదేనని స్పష్టం చేసింది. "మేము వేదిక మాత్రమే" అన్న మాటకు పునాది అక్కడ పడింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని సెక్షన్ 79 కూడా మధ్యవర్తులకు కొంత రక్షణ కల్పించింది.

అయితే ఆశీలు గుత్తేదారుతో ఈ పోలిక ఎంత దూరం పోతుంది? సంతలో గుత్తేదారు డబ్బు తన దగ్గర ఉంచుకోడు. గేదెను తన కొట్టంలో కట్టేయడు. తన బండిలో ఇంటికి తోలి పెట్టడు. ఏ గేదె ముందు నిలబడాలో తాను నిర్ణయించడు. వాపసు గడువు తాను రాయడు. ఈ పనులన్నీ చేస్తూ, తగవు వచ్చినప్పుడు మాత్రం ఆశీలు గుత్తేదారునేనని చెప్పడం చరిత్రలో కొత్త సంగతి.

* * *

చట్టం ఈ సంగతి గ్రహించడానికి కొంతకాలం పట్టింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో ఫోరాలు పెట్టి, సామాన్యుడు వకీలు లేకుండానే తన గోడు చెప్పుకునే దారి చూపింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జులైలో అమలైంది. కొన్నవాడు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చునన్నది అందులోని పెద్ద మేలు. దూరపు నగరంలోని అమ్మకందారు మీద ఫిర్యాదుకు ఆ నగరానికే పోనక్కరలేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు.

లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార విధానంగా లెక్కించింది. ఎన్ని రోజులలోపు? బిల్లులో రాసిన గడువు లోపల. బిల్లులో ఏమీ రాయకపోతే ముప్ఫయి రోజుల లోపల. ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. గడువు రాయనివాడికి ముప్ఫయి రోజులు, రాసినవాడికి తాను రాసుకున్నన్ని రోజులు! వస్తువు స్వభావం అడగవలసిన చోట మళ్ళీ అమ్మేవాడి కలానికే అధికారం దక్కింది.

కాని ఆ జులై నెలలోనే వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఈ లోటును కొంత పూడ్చాయి. సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు దాన్ని వాపసు తీసుకోవడానికి నిరాకరించరాదు. ఆ వాక్యంలో రోజుల లెక్క లేదు. అంగడి నిర్వాహకులు అమ్మకందారు పేరూ చిరునామా తెలియజేయాలి. ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. నారదుడు వేరుచేసిన రెండు విషయాలు ఇక్కడ మళ్ళీ వేరుపడ్డాయి. నచ్చలేదన్నదానికి గడువు. మోసానికి, లోపానికి వేరే దారి.

* * *

ఇదంతా చదివాక పెద్దమ్మ ఫోనును తయారీదారు సేవాకేంద్రానికి తీసుకువెళ్ళాను. ఏడాది వారంటీ ఉన్నది గదా, బాగు చేయించవచ్చుననుకున్నాను. అక్కడి కుర్రవాడు ఫోను అంకె కొట్టి చూసి, "ఈ ఫోను వారంటీ ఏడు నెలల కిందటే మొదలైందండీ" అన్నాడు. ఎవరో వాడి, తిరిగి ఇచ్చేసిన ఫోను అది. మళ్ళీ పెట్టెలో పెట్టి కొత్తదని మాకు పంపారు. మంచిది చూపించి చెడ్డది ఇవ్వడమంటే ఇదే.

ఈసారి "వాపసు" అన్న మాట వాడకుండా ఫిర్యాదు రాశాను. కొత్తదని ప్రకటించి వాడినది పంపారనీ, ఇది గడువుకు సంబంధించినది కాదనీ రాసి, బిల్లూ, ప్రకటన బొమ్మా, వారంటీ తేదీ చూపే కాగితమూ జతచేశాను. మొదటి జవాబు మళ్ళీ ఏడు రోజుల పాటే. అంగడి ఫిర్యాదుల అధికారికి నియమం ఉటంకిస్తూ రాశాను. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి అక్కడా నమోదు చేయించాను. అయిదో వారంలో డబ్బు తిరిగి వచ్చింది. క్షమాపణ రాలేదు. ఆ అమ్మకందారు పేరు అంగట్లో ఇంకా అట్లాగే ఉంది, నాలుగు నక్షత్రాలతో.

డబ్బు వచ్చిన సంగతి చెబితే పెద్దమ్మ సంతోషించింది గాని, చదువుకున్నవాడివి గనుక నువ్వు తెచ్చుకున్నావు, నేనైతే ఏం చేసేదాన్ని అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కేతనకు తెలుగులో చెప్పాలనిపించిన ధర్మం, నేటి అంగడి షరతుల రూపంలో ఆమెకు చదవరాని భాషలో, చదవలేనంత సన్నటి అక్షరాల్లో ఉంది. గేదె గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. కాని ఈ అంగట్లో ఆ తెలివికి చెల్లుబాటు లేదు.

తరువాతి ఫోను పెద్దమ్మ మండలకేంద్రంలోని కొట్టులో కొనుక్కుంది. కొట్టులోనే పెట్టె విప్పించి, సిమ్ము వేయించి, అక్కడినుంచే నాకు ఫోను చేసింది. నా మాట తనకూ, తన మాట నాకూ వినబడుతున్నాయని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాకే డబ్బు ఇచ్చిందట.